మా ఆయన సంవత్సరీకానికి వచ్చిన పాలోళ్ళు

మా ఆయన సంవత్సరీకానికి నేను కోతులను భోజనానికి పిలిచాను. అవి దారి తప్పి వచ్చాయనుకునేరు, లేదు, నేనే పిలిచాను. ఆ పూట మా ఇంటికి జరిగిన నష్టం శబరి నది పొంగి వాకిట్లోకి వచ్చినా జరగదు. నేను చెబుతుంటే రాస్తున్నది మా వెనక గదిలో అద్దెకుండే సరళ టీచరమ్మ. నాకు సంతకం పెట్టడం వచ్చు, అంతకుమించి అక్షరాల జోలికి పోలేదు. తన తప్పు చెప్పే చోట టీచరమ్మ కలం నెమ్మదిస్తుంది. నేను కనిపెడుతూనే ఉన్నాను.

అసలు మంట పక్కింటి కనకమ్మ దగ్గర మొదలైంది. మా ఊరు కొంటాలో మా గోడకు ఆనుకునే ఆమె కిరాణా కొట్టు. ఇద్దరికీ ఒకే ఏడాది మొగుళ్ళు పోయారు. దినాల్లో పిట్టకు పెట్టేటప్పుడు, ఆమె గోడ మీద ఆకు పెట్టి ఇంకా చెయ్యి తియ్యనే లేదు, కాకి వాలింది. మా ఆయనకు పెడితే నడిపొద్దు దాటినా ఒక్క కాకి రాలేదు. చివరికి ఆవుకు పెట్టాం. ఆవు కూడా మొహమాటానికి తిన్నట్టు తిన్నది.

"అన్న పానం దేనిమీదనో నిలిచిపోయినట్టుంది వదినె," అన్నది కనకమ్మ. "పుణ్యం జూసి దేవుడు పంపుతడు కాకిని. మా ఆయనకైతే జూసినవు గదా."

"మీ ఆయనకు మొదటి నుంచి ఆకలెక్కువ," అన్నాను.

అన్నాను గాని లోపల గుచ్చుకుంది. ఆయన పానం దేనిమీద నిలిచిందో నాకొక్కదానికే తెలుసు. ఆయనకు షుగరు. పోయే ముందు రోజు, ఒక్క బూరె పెట్టవే అని అడిగాడు. నేను డబ్బా తీసుకెళ్ళి బియ్యం బస్తా వెనక దాచాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ అలకతోనే రావడం లేదని నా భయం. నిజం చెప్పాలంటే భయం పావు వంతు, కనకమ్మ మీద కుళ్ళు ముప్పావు వంతు.

దేవుడు ఆమె పక్షం వెళ్ళాడు కాబట్టి నేను సైన్సు పక్షం చేరాను. సరళ టీచరమ్మ విశాఖపట్నం పిల్ల. ఇక్కడ బడిలో సైన్సు చెబుతుంది.

"మనిషిని దేవుడు చెయ్యలేదంటవు గదా బిడ్డా, మరి ఎవరు చేసిండ్రు?"

"ఎవరూ చెయ్యలేదు పిన్నిగారూ. లక్షల ఏళ్ళు మారుతూ మారుతూ ఇలా వచ్చాం."

"ఎందుకొచ్చినం?"

"ఎందుకూ లేదండి. దానికో ఉద్దేశం అంటూ ఉండదు."

"ఏ ఉద్దేశం లేకుండనే ఇంత పెద్ద సంసారమా? ఊసుపోక ఎవరన్న ఇంత పని పెట్టుకుంటరా? సరే, కోతి మనకు తాతనా?"

"కాదండి, అందరూ అలాగే పొరబడతారు. ఎప్పుడో కోతులకీ మనకీ మూలపురుషుడు ఒకడే. అక్కణ్ణించి అవి అటు, మనం ఇటు."

"అంటే పాలోళ్ళు."

టీచరమ్మ కాస్త ఆలోచించింది. "ఒకరకంగా అంతే పిన్నిగారూ."

ఆ ఒక్క మాట నా కొంప ముంచింది. ఇదిగో, ఇక్కడ కలం ఆగింది. రాయమ్మా, రాయి. ఒకే మూలపురుషుడికి పుట్టి వేరుపడి పోయినవాళ్ళే కదా పాలోళ్ళంటే. మా వాళ్ళలో పాలోళ్ళు లేకుండా ఏ కార్యమైనా జరుగుతుందా? మైల పట్టేది వాళ్ళకే, మొదటి బంతిలో కూర్చునేదీ వాళ్ళే. ఇంత పెద్ద వంశాన్ని పిలవకుండా, ఏ చుట్టరికమూ లేని నల్లపిట్ట కోసం ఆకాశం చూస్తూ కూర్చున్నానా అనిపించింది.

సంవత్సరీకం ఇంకా పది రోజులుంది. రోజూ పొద్దున్నే గోడ మీద పల్లీలు, అరటిపళ్ళు పెట్టాను. మొదటి రోజు రెండు వచ్చాయి. పదో రోజుకు తల్లులు పిల్లల్ని పొట్టకు హత్తుకుని మగపెళ్ళివారిలా దిగాయి.

"ఏంది వదినె, అడవి మొత్తం నీ గోడ మీదకే వచ్చె," అన్నది కనకమ్మ. "మిద్దె మీద నా చింతపండు ఆరబోసి ఉన్నది."

"మా వాళ్ళు పరాయి సొత్తు ముట్టరు," అన్నాను.

సంవత్సరీకం రోజు చుట్టాలంతా వచ్చారు. మోకాళ్ళ నొప్పులతో కనకమ్మ కూడా వచ్చి, ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆకులో అన్నం, పప్పు, మధ్యలో ఒక బూరె పెట్టి గోడ మీద ఉంచాను. దండం పెట్టి తల ఎత్తేసరికి పాలోళ్ళు దిగారు. ఆకు వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా వంటింట్లోకి నడిచారు. ఒకడు పప్పు గిన్నెలో కూర్చున్నాడు. ఒకడు అప్పడాల కట్ట చంకన పెట్టుకున్నాడు. పెద్దమనిషిలా ఉన్న ఒకడు బూరెల గంప ఎత్తుకుని కనకమ్మ మిద్దె ఎక్కి, చింతపండు మీద బాసింపట్టు వేసుకుని పంపకాలు మొదలుపెట్టాడు. కోతులు కూడా చివరికి ఆమె ఇంటికే పోయాయి, చూశారా? దానికే నాకు ఒళ్ళు మండిపోయింది. కర్ర పట్టుకుని మెట్లెక్కాను. చుట్టాలంతా నా వెనకే పరుగు.

గంప ఖాళీగా దొరికింది. చింతపండు అంటుకున్న కొంగుతో కిందికి వస్తే వాకిట్లో కనకమ్మ ఒక్కతే ఉంది. ఆకులో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. బూరె లేదు.

"అది కూడ కోతే ఎత్తుకపోయిందా?"

"కోతి కాదు వదినె, కాకొచ్చింది. మీరంతా మిద్దె మీదున్నరు. అన్నం ముట్టలే, పప్పు ముట్టలే. బూరె కరుసుకొని పోయింది. కండ్లార జూసిన."

అక్కడే కూలబడ్డాను. "బూరెనే ఎందుకు తీసుకున్నదో," అన్నాను మెల్లగా.

"అన్నకు తీపంటే పానం గదా. రోజూ మా కొట్టుకాడికొచ్చి బెల్లం ముక్క నోట్లేసుకొని పోయేటోడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు. పోయిన నాడు పొద్దున కూడ తిన్నడు."

అంటే ఆయన నోరు కట్టుకుని పోలేదు. ఏడాదిగా నా గుండెల మీద ఉన్న బరువు దిగింది. దిగి తిన్నగా కనకమ్మ మీద పడింది. బతికుండగా ఆమె కొట్టుకే పోయాడు. పోయాక, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు చూసి మరీ వచ్చాడు.

సాయంత్రం టీచరమ్మ ఓదార్చింది. "ఇంకాస్త వెనక్కి వెళితే కాకికీ మనకీ కూడా మూలం ఒకటేనండి."

"ఆ మాట ముందు చెప్పొద్దా బిడ్డా?"

కాబట్టి దేవుడి మీద, దేవుడు లేకపోతే సైన్సు మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. మూలపురుషుడి సంతానాన్నంతా ఇంకెన్నడూ భోజనానికి పిలవను. మనిషి ఎందుకు పుట్టాడో టీచరమ్మకు తెలియకపోయినా నాకు తెలిసింది. ఆకు దగ్గర నుంచి కదలకుండా కూర్చోవడానికి. కోతులు ఇల్లు ఇల్లంతా మోసుకుపోనీ, కనకమ్మను మాత్రం ఆ ఆకు దగ్గర ఒంటరిగా వదలను.