ఫోనులో మోగిన జాడీ

మా వీధి మునిరత్నమ్మ చిత్తూరుకు పోయి, ఒక అంగడివాడి తల మీద జాడీ పగలగొట్టిందని పుత్తూరంతా చెప్పుకుంటున్నారు. అబద్ధం. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. ఒక్క జాడీకి కూడా బీట పడలేదు. ఆమె చేసింది అంతకంటే ఘోరం.

మునిరత్నమ్మకు పాత పింగాణీ బిస్కెట్ జాడీలంటే పిచ్చి. ఏనుగు, గుమ్మడికాయ, టోపీ పెట్టుకున్న దొర, ఇలా పదకొండు జాడీలు ఆమె అల్మారాలో ఉన్నాయి. మా ఊళ్ళో ఊరగాయ జాడీ కొనాలన్నా ఆమెనే పిలుచుకుపోయేవాళ్ళు. వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి, “గంట మాదిరి మోగితే మంచిది, దబ్బుమంటే దొంగది” అనేది. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు ఎట్లాగో, జాడీకి ఆమె చెవి అట్లాగ.

రెండు వేల ఏడులో కోడలు సుజన నెట్ సెంటరుకు తీసుకుపోయి ఒక ఫోటో చూపించింది. కోడిపెట్ట ఆకారం జాడీ, వందేళ్ళ నాటిదట. అమ్మేవాడు చిత్తూరు గిరిప్రసాద్. ఫోటోను తట్టడం ఎట్లా? మునిరత్నమ్మ వాడికి ఫోన్ చేసింది.

“నాయనా, జాడీని ఫోను కాడికి తెచ్చి ఒక్కసారి తట్టు.”

ఖంగుమంది. ఆ మోత ఆగేదాకా కళ్ళు మూసుకుని విని, డబ్బు పంపమని కోడలికి చెప్పింది.

వారానికి పార్శిల్ వచ్చింది. వీధి ఆడవాళ్ళం చుట్టూ చేరాం. ఆమె తట్టింది. దబ్బుమంది. తడివేలితో అడుగున రుద్దితే వందేళ్ళ మరక కాస్తా టీ డికాషన్ మాదిరి ఊడివచ్చింది. ఎదురింటి చెంగమ్మ నోరు ఊరుకుంటుందా?

“ఏమక్కా, నీ కోడి కూయలేదే?”

ఆ నెలలోనే చెంగమ్మ ఊరగాయ జాడీ తానే తట్టి కొనుక్కుంది. ఆమెను చూసి మిగతావాళ్ళూ అంతే. మునిరత్నమ్మను పిలిచే దిక్కే లేకపోయింది. మనిషి అన్నం మీద చెయ్యి పెట్టి అట్లే కూర్చునేది.

ఒక శుక్రవారం పార్శిల్ మీది అడ్రసు పట్టుకుని, ఆ దొంగ జాడీని సంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని చిత్తూరు బస్సెక్కింది. అంగట్లో వరసగా ఆరు కోడిపెట్టలు. కొనడానికి వచ్చినవాళ్ళు ముగ్గురు. ఈమె ఒక్కోదాన్నీ తడుతూ గట్టిగా చెప్పింది.

“ఇది దొంగది. ఇదీ దొంగదే.”

గిరిప్రసాద్ పరుగెత్తుకొచ్చాడు. “అమ్మా, తట్టొద్దు, పగిలిపోతాది!”

“వందేండ్లు పగలంది నేను తడితే పగులుతాదా నాయనా?”

గల్లాపెట్టె వెనక గుడ్డ కప్పి ఇంకొక కోడిపెట్ట ఉంది. తట్టింది. ఖంగుమంది.

“ఇదే! నేను ఫోన్లో కొన్నది ఈ మోతని.”

సంచిలోది అక్కడ పెట్టి, దీన్ని చంకలో పెట్టుకుని బయటికి నడిచింది. ముగ్గురూ చూస్తుండగా వాడు ఆ దొంగదాని మీద గుడ్డ కప్పాడు.

అక్కడితో ఆగితే ఆమె మునిరత్నమ్మ ఎందుకవుతుంది? ప్రతి శుక్రవారం పోయింది. అంగడి మెట్టు మీద కూర్చుని, లోపలికి పోయేవాళ్ళను ఆపి, జాడీ ఎట్లా తట్టాలో నేర్పింది. ఆరు నెలలకు వాడు తలుపు మూశాడు. చెంగమ్మ కొత్త జాడీ పట్టుకుని, తల వంచుకుని, తట్టించుకోవడానికి వచ్చింది.

వాడు మూసిన నెలకు నేను ఉండబట్టలేక అడిగేశాను. “నిజం చెప్పు రత్నమ్మా. జాడీ వచ్చె, పేరు వచ్చె, వాడు అంగడి మూసె. ఇంక నీ కసి తీరినట్టేనా?”

ఆమె కోడిపెట్ట మూత తీసి నా చేతిలో ఒక బిస్కెట్ పెట్టింది.

“గూడూరులో తెరిచినాడంటక్కా. శుక్రవారం రైలుకు నువ్వూ వస్తావా?”