నీడలో పిస్టన్, ఎండలో బ్లాకు

రాజంపేటలో నాదొక రేకుల షెడ్డు. అరిగిన ఇంజన్ల సిలిండర్లను మళ్లీ బోరు చేసి, లోపల నునుపు పెట్టి ఇస్తాను. చదువు పదో తరగతితో ఆగింది. దశాంశాలు నాకు మైక్రోమీటరే నేర్పింది.

పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య కొంత సందు వదలాలి. పోయిన వేసవిలో వచ్చిన పాత డీజిల్ కారుకైతే మిల్లీమీటరులో ఏడు వందో వంతులు, అంటే ఒక వెంట్రుక మందం. ఎక్కువైతే ఇంజను ఆయిలు తాగుతుంది. తక్కువైతే వేడికి పిస్టన్ ఉబ్బి, గోడను పట్టుకుని నిలిచిపోతుంది.

ఆ కారు డ్రైవరుది నా వయసే. రోజూ మంగంపేట గనికి సూపర్‌వైజర్లను తీసుకుపోయే బాడుగ అతనిది. శనివారం సిలిండర్లుండే ఇనుప దిమ్మెను, అంటే బ్లాకును, కిరసనాయిలుతో కడిగి, ఆరడానికి ఎండలో పెట్టాను. పిస్టన్లు నా గదిలో కూలర్ ముందు ఉన్నాయి. సిలిండర్ల లోపల ఇంకొంచెం రుద్దాలనుకుంటూనే మధ్యాహ్నం రెంటికీ కొలత తీశాను. సందు సరిగ్గా ఏడు. అక్కడితో పని ఆపేశాను.

ఆదివారం పొద్దున్నే, అలవాటు కొద్దీ మళ్లీ కొలిచాను. నాలుగున్నర!

మైక్రోమీటరును అనుమానించి పరీక్షించాను. దాని తప్పేమీ లేదు. నిన్న ఎండకు బ్లాకు సాగింది, కూలర్ గాలికి పిస్టన్ సాగలేదు; రాత్రి చల్లబడి బ్లాకు మళ్లీ అసలు కొలతకు వచ్చింది. నిన్న తీసిన బ్లాకు కొలతా, పిస్టన్ కొలతా రెండూ నిజమే. వేడిదాంట్లోంచి చల్లదాన్ని తీసేసి సందు లెక్కగట్టడమే తప్పు.

ఇంజను బిగించడానికి మెకానిక్కును వెంటబెట్టుకుని డ్రైవరు వచ్చాడు. సంగతి చెప్పాను. మళ్లీ రుద్దాలి, సాయంత్రం దాకా కరెంటు లేదు, సోమవారానికి బండి కాదు.

"టైటుగా ఉంటే మంచిదే కదన్నా? పోతాపోతా సర్దుకుంటాది."

"సర్దుకునేది నీ నడుమప్పా, పిస్టన్ కాదు," అన్నాడు మెకానిక్కు.

డ్రైవరు నవ్వలేదు. "రేపు బండి పెట్టకుంటే ఇంగొకర్ని పెట్టుకుంటామన్నారు. నీ వెంట్రుక కోసరం నా బాడుగ పోవాల్నా?"

నేను ఊరుకుని ఉంటే బండి వారమో పది రోజులో తిరిగేది. ఆ తర్వాత ఏదో ఒక మధ్యాహ్నం, లోపల అయిదుగురుండగా, నడిరోడ్డు మీద పట్టేసేది. లెక్క తప్పింది నా చేతిలో, బాడుగ పోయేది అతనికి.

లోపలికి పోయి నా కారు తాళాలు తెచ్చిచ్చాను. ఆ కారును నేను ఇంట్లోవాళ్ల చేతికి కూడా ఇవ్వను.

"నీ బండి పని అయ్యేదాకా దీన్ని తోలుకో."

అతను తాళాలు అందుకుని, రెండడుగులు వేసి ఆగాడు.

"దీని ఇంజను గూడా నువ్వే బోరు చేసినావా అన్నా?"

"నేనే."

"పొద్దున కొలిచినావా, మధ్యాన్నమా?"

మెకానిక్కు పగలబడి నవ్వాడు. అతను బండి తీసుకుని వెళ్లాక, కొలతలు రాసుకునే పాత నోటుపుస్తకం వెతికి తీశాను. తేదీ ఉంది. సందు ఉంది. ఏ పూట కొలిచానో మాత్రం రాసి లేదు.