మాచర్ల బస్సులో తందాన తాన

ఎనభైల్లో ఒకసారి నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కితే నిలబడ్డానికే చోటు దొరికింది. నా పక్కన ఒకామె గుడ్డసంచిలో తంబురా పట్టుకుని నిలబడింది. ముందు సీట్లో కిళ్లీ నములుతున్న పెద్దమనిషి ఆమెను గుర్తుపట్టాడు.

"ఏమే, తిరణాళ్లలో స్టేజీ మీద పాడేదానివి గదా? మా ఊళ్లో పాడిన ఆ పచ్చిపాట ఒకటి అందుకో."

మగవాళ్లు నవ్వారు. ఆయన మూతి పక్కన ఎర్రటి ఉమ్మి కారుతోంది.

"అయ్యన్నీ మానేసినా. ఇయ్యాల మాచర్లలో నా మొదటి బుర్రకథ," అందామె. "కావాలంటే మీ ఊరి కథే చెప్తా."

గొంతెత్తింది. స్టేజీ వెనక పసిబిడ్డకు పాలిస్తున్న పాటగత్తె. డేరా గుడ్డ ఎత్తి ఆమె చెయ్యి పట్టి లాగిన పెద్దమనిషి. పేరు చెప్పలేదు, ఆయన వంకే చూస్తూ పాడింది. ఆమె ఆగినచోటల్లా, మిరపకోతకు పోతున్న ఆడవాళ్లు వెనక సీట్లలోంచి అలవాటుకొద్దీ "తందాన తాన" అని వంత అందుకున్నారు. కాసేపటికి ఇందాక నవ్విన మగవాళ్లూ కలిశారు. పిడుగురాళ్ల రాకముందే ఆయన బస్సాపించి దిగిపోయాడు.

"సీటు ఖాళీ అయింది, కూర్చో అక్కా," అన్నాను.

ఆమె అరచేత్తో సీటు తాకి, ఆ చెయ్యి చీరకు తుడుచుకుంది.

"వాడి వేడి ఇంకా పోలేదమ్మా."

మాచర్ల దాకా నిలబడే వచ్చింది. నేనూ కూర్చోలేదు. ఇప్పటికీ బస్సులో ఎవరో లేచిన సీటు వెచ్చగా తగిలితే, అది చల్లారేదాకా నిలబడతాను.