మా ఫోటోలో నాలుగో మనిషి

మా చిన్నప్పుడు... చార్మినార్ ఎదుట మెడలో కెమెరాలు వేసుకుని ఫోటోలు తీసేవాళ్ళు తిరుగుతుండేవారు. ఒకసారి కిషన్‌బాగ్ నుంచి అమ్మ, బాపు, నేను బట్టలు కొనడానికి వెళ్ళాం. మాది పాల వ్యాపారం. బాపుకు తీరిక దొరకడమే అరుదు. ఆ రోజు ఎందుకో ఫోటో దిగుదామన్నాడు.

అమ్మ కదల్లేదు.

"ముగ్గురం దిగొద్దు. ముగ్గురు దిగితే ఒకరికి కీడంట."

"అయితే ఉండు... పోయి బర్రెను తోలుకొస్త. నలుగురమైతం," అన్నాడు బాపు.

ఫోటో తీసే ఆయన నవ్వాడు. ఆయనకు ఇది రోజూ ఉండే లొల్లే. జామకాయల గంపతో పోతున్న ఒకతన్ని కేకేశాడు.

"అరే భాయ్, జర ఇట్ల నిలబడు!"

అతను గంప దించాడు. చేత్తో జుట్టు సవరించుకుని నా పక్కన నిలబడ్డాడు. ఫోటో అయ్యాక గంపెత్తుకుని జనంలో కలిసిపోయాడు. మేం పేరు కూడా అడగలేదు...

పెళ్ళయి వచ్చిన కొత్తలో మా ఆవిడ సరళ గోడ మీద ఆ ఫోటో చూసింది.

"ఏందయ్యా, ఈయన మీ మేనమామనా?"

సంగతి చెప్పాను. నవ్వింది. తర్వాత ఆగి అడిగింది.

"ఎందుకు పిలిచిండ్రో ఆయనకు ఎరుకనా?"

అప్పటినుంచి ఆ ఫోటో తుడిచినప్పుడల్లా అతని గురించి ఏదో ఒకటి ఊహించేది. ఒకరోజు అతనో పాటగాడు. ఇంకోరోజు ఇంట్లో అలిగి వచ్చినవాడు.

పోయినేడు మా అమ్మాయి కావ్యకు గాజులు కొనడానికి ఆ చార్మినార్ దగ్గరికే వెళ్ళాం. కావ్య ఫోన్ ఎత్తి పట్టుకుంది. ముగ్గురం. నేను అలవాటుగా అటూ ఇటూ చూశాను.

"ఎవ్వరిని పిలవకు," అంది సరళ. "మన కీడు మన దగ్గర్నే ఉండనీ."

చలికాలం వచ్చేసరికి సరళ లేదు.

ఆమె పళ్ళు కనబడేలా నవ్విన ఫోటో ఆ రోజు కావ్య తీసిందొక్కటే. ఫ్రేము కట్టిద్దామన్నాను.

"వద్దు బాపు. ఫోన్ల నుంచి గూడ తీసెయ్. నేనే తీసిన... ముగ్గురం దిగినం," అంది కావ్య.

గోడ మీది పాత ఫోటో దించి ఆమె చేతికిచ్చాను. జామకాయలతని మీద వేలు పెట్టింది.

"ఈయన నిలబడ్డా తాత పోయిండు. నానమ్మ పోయింది."

"అవును బిడ్డా."

"మరి ఈయన ఎందుకు నిలబడ్డడు?"

"పిలిస్తే వచ్చిండు."

మర్నాడు వాళ్ళమ్మ ఫోటోకు ఫ్రేము తనే కట్టించుకొచ్చింది.

ఇప్పుడు చేయి చాపితే చాలు, ఫోటో అయిపోతుంది... దారిన పోయే మనిషిని ఆపాల్సిన పని లేదు. మీ ఇంటి గోడ మీద ఉన్నారా, పేరు తెలియని ఒకరు... మీవాళ్ళ పక్కన నవ్వుతూ?