నాకు తెలియని నెత్తురు

మా వాడికి నంద్యాలలో సంబంధం కుదిరేలా ఉంటే, పిల్లను చూడ్డానికి నేను, నా భార్య ఆళ్లగడ్డ నుంచి పొద్దున బస్సుకు బయలుదేరాం. నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఏళ్ల తరబడి నిలబడి నిలబడి పాదాలు మొద్దుబారాయని అనుకునేవాణ్ణి. నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా, వెనక నుంచి ఎవరైనా పిలిచి చెబితే గానీ తెలిసేది కాదు. షుగరుకు మాత్రలు మింగుతున్నాను గానీ, దానికీ దీనికీ ముడి ఉందని నాకు తట్టలేదు.

పిల్ల వాళ్ల వాకిట్లో నాపబండలు పరుస్తున్నారు. కోసిన ముక్కలు అంతటా పడి ఉన్నాయి. చెప్పులు గేటు దగ్గర విడిచి, ఆ ముక్కల మీదుగానే లోపలికి వెళ్లాం. హాలంతా తెల్లటి టైల్స్. మాటలయ్యాయి, కాఫీలయ్యాయి. భోజనానికి లేచి చేతులు కడుక్కుని వచ్చాను.

పిల్ల మేనమామ నేల వైపు చూసి, "ఈడ నెత్తురేందప్పా?" అన్నాడు.

సోఫా నుంచి కుళాయి దాకా, అక్కడి నుంచి విస్తళ్ల దాకా ఎర్రటి మరకలు. అందరూ ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నారు. నేను చూసుకోలేదు. "ఎవురికో గట్టిగానే తెగినట్టుండాది, చూసుకోండప్పా" అంటూ, వంగి మరకల వెంట నడిచాను. నడిచిన చోటల్లా కొత్త మరక పడుతోందట. పిల్ల నాయనమ్మ మంచం మీద నుంచి అంది, "యాడ వెతుకుతాండావు నాయనా? నీ కాలే అది."

కాలెత్తితే అరికాల్లో రాతి ముక్క దిగబడి ఉంది. నా భార్య దాన్ని పట్టి లాగింది. అప్పుడూ ఏమీ అనిపించలేదు. అందరూ నా మొహమే చూస్తుంటే, నొప్పి పుట్టినట్టు పళ్లు బిగబట్టాను.

మేనమామ పక్కవాడితో మెల్లగా అన్న మాట నా చెవిన పడింది. "పొద్దున్నే ఏసుకొని వచ్చినట్టుండాడు. లేకుంటే అంత ముక్క దిగితే తెలీదా?"

నాకు తాగుడు లేదు. అయినా నేల తుడుస్తున్న ఆ పిల్ల ముందు తలెత్తలేకపోయాను.

అన్నం తినకుండానే ఆస్పత్రికి వెళ్లాం. డాక్టరమ్మ గాయానికి కట్టు కట్టి, సన్నటి నైలాన్ దారం చూపించింది. కళ్లు మూసుకోమని, దాన్ని పాదం మీద తాకించినప్పుడల్లా చెప్పమంది. మూసుకుని ఎదురుచూశాను. ఎంతకీ ఏమీ తెలియలేదు. మరీ ఊరికే ఉంటే బాగుండదని "ఆఁ, తాకింది" అన్నాను.

"ఇప్పుడు ఆమె ముట్టుకోనే లేదు" అంది నా భార్య. "ఇంతసేపూ పొడిచినప్పుడు గమ్మునుంటివి." కళ్లు తెరవడానికి సిగ్గేసింది.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. నొప్పి అనేది కాల్లో తయారవదట. అక్కడి నరాల కొసలు దెబ్బను కనిపెట్టి వెన్నుపాముకు కబురు పంపుతాయి. మెదడుకు తెలిసేలోపే వెన్నుపాము కాలును వెనక్కి లాగిస్తుంది. కబురు మెదడుకు చేరాకే మనకు నొప్పిగా తెలుస్తుంది. షుగరు ముందుగా పొడవాటి నరాలను తినేస్తుంది కాబట్టి పాదాలే మొదట పోతాయట.

"మరి పడుకుంటే అరికాళ్లు మంటెత్తుతాయి గదమ్మా? నరాలు చచ్చింటే ఆ మంటేంది?"

"పాడైన నరం ఊరుకోదు. ఏమీ లేకపోయినా ఉన్నట్టు పంపిస్తుంది. మెదడు దాన్నీ నమ్ముతుంది."

వారం తిరక్కముందే పిల్ల తండ్రి ఆళ్లగడ్డకు వచ్చాడు. ఇంటికొచ్చిన మనిషి వైపు కట్టుకట్టిన కాలు చాపుకుని కూర్చోవాల్సి వచ్చింది. "నేను తాగలేదన్నా" అని మొదలుపెట్టి, షుగరు సంగతంతా చెప్పాను.

"మావోళ్లే కాదు, నేనూ తాగినావనే అనుకుంటి" అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించాడు. "నాకూ షుగరుండాది. ఆ దారం పెట్టి చూసే డాక్టరమ్మ యాడుంటాదో చెప్పు. ఇంట్లోవాళ్లకు అనొద్దు."

చిరునామా చెప్పాను.

ఆ సంబంధమే ఖాయమైంది. పుండు మానడానికి నెలలు పట్టింది. పెళ్లి నాటికీ డాక్టరమ్మ రాసిన బూట్లు ఇంకా విప్పకూడదు. వాటితో పీటల మీదికి ఎక్కలేక, కిందే కుర్చీల మధ్య నిలబడ్డాను. మా వైపు తంతులన్నీ నా భార్య ఒక్కతే నడిపించింది. పెళ్లికొడుకు తండ్రి అలిగాడా అని ఎవరో అడుగుతుంటే విననట్టు ఉండిపోయాను.

ఇప్పుడు రోజూ పొద్దున ఆమె నా పాదాలు ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందులన్నీ వెతికి చూస్తుంది. ఆమె చేయి ఎక్కడుందో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే చూడాలి. చూడలేక గోడ వైపు తిరుగుతాను.