తక్కువ వస్తుందా, మొత్తానికే వస్తలేదా

సుల్తానాబాద్ బస్టాండు ఎదురుగా ఒకే షట్టరు కింద మా రెండు దుకాణాలు. కుడివైపు నాది, సెల్‌ఫోన్ల రిపేరు. ఎడమవైపు దశరథం కాకది. రేడియోలు, పెళ్లి మైకుసెట్లు, ఎవరూ ముట్టని పాత ఆంప్లిఫయర్లు ఆయన దగ్గరికే వస్తాయి. పన్నెండేళ్లుగా ఆయన సోల్డరింగు పొగ నేను పీలుస్తున్నాను, నా గిరాకీల గోల ఆయన భరిస్తున్నాడు.

మనిషి మంచివాడే గానీ ఆయన చాదస్తం ఒకటి నాకు చిర్రెత్తించేది. ఎవరు ఏం తెచ్చినా, "సౌండు తక్కువ వస్తుందా, మొత్తానికే వస్తలేదా?" అని అడిగేవాడు. "వస్తలేదు" అన్నారో, స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, "చెవి పెట్టి ఇన్నవా? మంచిగ ఇన్నవా?" అని వకీలులా నిలదీసేవాడు. విప్పి చూస్తే తెలిసిపోయేదానికి ఇదంతా దేనికని నేను విసుక్కుంటే, "తక్కువకు, లేనిదానికి శాన ఫరక్ ఉన్నది విజయేందర్" అనేవాడు. అంతకుమించి ఒక్క ముక్క రాల్చేవాడు కాదు. బొగ్గుబావిలో ఎలక్ట్రీషియన్‌గా చేశాడనీ, ఇంకా ఇరవై ఏళ్ల సర్వీసు ఉండగానే రాజీనామా చేశాడనీ మాత్రం తెలుసు. బావి నౌకరీ ఎవడైనా చేజేతులా వదులుకుంటాడా? తిక్క మనిషి అనుకున్నాను.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, రేవతి అనే ఆమె ఆటోలోంచి బరువైన పెట్టె దింపించింది. గనుల కాలనీలో బడిపిల్లలకు సంగీతం నేర్పుతుందట. అది గిటారుకు పెట్టే ఆంప్లిఫయరు. ఇప్పటి రకం కాదు, లోపల గాజు వాల్వులు ఎర్రగా వెలిగే పాత రకం.

"మా బాపుది కాకా. బాపు పోయి ఇరవై రెండేండ్లాయె. అప్పటి సంది మంచం కిందనే ఉన్నది. గిటారు పెడితె మూరెడు దూరం గూడ ఇనవడ్తలేదు. ఒక్కపారి బాపు వాయించిన సౌండు ఎట్లుంటదో ఇనాలె" అందామె.

కాక తన ప్రశ్న అడగలేదు. పన్నెండేళ్లలో అదే మొదటిసారి. పెట్టె వెనక తెల్లరంగుతో రాసిన "బాలమల్లు" అనే పేరు మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయాడు. ఆమె ముఖం వైపు చూడకుండానే, "కూసో బిడ్డా" అన్నాడు.

ముందు వేరే స్పీకరు తగిలించి చూశాడు. అదే సన్నటి గొంతు. తన దగ్గరున్న వాల్వులు ఒక్కొక్కటిగా మార్చాడు. తేడా లేదు. మీటరు పెడితే కరెంటు సరిగ్గానే అందుతోంది. అప్పుడు పెన్సిలు తీసి, ముందున్న చిన్న వాల్వును మెల్లగా తట్టాడు. మామూలుగా ఆ తట్టిన చప్పుడు స్పీకర్లో పెద్దగా రావాలి. ఇక్కడ ఎక్కడో గోడ అవతలి నుంచి వచ్చినట్టు వచ్చింది. ఆ వాల్వు పక్కనే ఉన్న కండెన్సర్ ఎండిపోయిందని తేల్చి, కొత్తది అతికించాడు.

స్విచ్ వేసి, వాల్వులు వెలిగాక, మళ్లీ తట్టాడు. టక్ టక్ అని దుకాణం అదిరింది. రేవతి నవ్వింది. కాక పెన్సిలు బల్ల మీద పెట్టేశాడు.

టక్ టక్.

పెన్సిలు బల్ల మీదే ఉంది. ఆయన రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి. ఒక ఊపిరి తీసుకునేంత ఆగి మళ్లీ వచ్చింది. టక్ టక్.

నేను దయ్యాలను నమ్మేవాణ్ని కాను. వేడెక్కే వాల్వు చిటపటమంటుందని నాకూ తెలుసు. కానీ వాల్వు లెక్కపెట్టుకుని చిటపటమనదు. రెండు, కాసేపు ఆగి రెండు. నాకు భయం వేసింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. చెయ్యి చాచి స్విచ్ తీసేశాను.

వాల్వుల సెట్టు వెంటనే చావదు. లోపల మిగిలిన కరెంటు ఇంకిపోయే దాకా కొన ఊపిరితో ఉంటుంది. చప్పుడు సన్నబడుతూ వచ్చింది. కాక స్పీకరు బట్టకు చెవి ఆనించాడు.

"ఇగ వస్తలేదు కాకా" అన్నాను.

"వస్తుంది!" అని అరిచాడు. "ఇంక వస్తుంది! లేదనకు, లేదనకురా!" ఆయన కళ్ల నీళ్లు ఆ బట్ట మీద పడుతున్నాయి.

తర్వాత రేవతి వైపు తిరిగి చెప్పాడు.

"బావిల కప్పు కూలినప్పుడు మీ బాపు అటు దిక్కు చిక్కిండు బిడ్డా. నీళ్ల పైపు మీద గిట్లనే కొట్టిండు, రెండు, రెండు. ఇటు దిక్కు పైపుకు చెవి పెట్టింది నేనే. రెండో రోజు పొద్దుగాల సప్పుడు తగ్గింది. వస్తుందా అని ఆఫీసర్లు అడిగిండ్రు. కప్పు ఇంక కూలేటట్టున్నది, తవ్వేటోళ్లు పన్నెండు మంది లోపలున్నరు. నాకు భయమైంది. లేదు సార్ అన్న. నా మాట ఇని తవ్వుడు ఆపి, ముందుగాల కప్పు కూలకుంట ఆసరకు కట్టెలు నిలవెట్టిండ్రు. మూడో రోజు తీసేటాలకు పానం లేదు. కని సప్పుడు ఉండె బిడ్డా. జర ఉండె."

ఆమె కాక చెంప పగలగొడుతుందనుకున్నాను. కొట్టినా నేను అడ్డుపడేవాణ్ని కాను. ఆమె కుర్చీలోంచి లేచింది.

"బాపును పైకి తెచ్చినప్పుడు అవ్వ చెయ్యి పట్టుకున్నది. ఎచ్చగున్నదని మొత్తుకున్నది. నిన్ననే సచ్చినోని చెయ్యి ఎచ్చగెట్లుంటదని అందరు అన్నరు. గప్పటి సంది అవ్వను పిచ్చి మల్లక్క అనే పిలుస్తరు. నేను గూడ నమ్మలే" అని ఆగింది. "నడువు. అవ్వకు చెప్పు."

షట్టరు దించి నా బండి మీద కాకను తీసుకెళ్లాను. రేవతి ఆటోలో వచ్చింది. రేవతి తల్లి మల్లక్క కాలనీ క్వార్టరు అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతోంది. కాక ఆమె ముందు నేల మీద కూర్చుని అంతా చెప్పాడు. కాళ్లు పట్టుకోబోతే ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

"అయితె ఎచ్చగనే ఉండె" అంది.

"ఉండె వదినె."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. లేచి ముఖం కడుక్కుని, కొంగు సర్దుకుని, కాక మణికట్టు పట్టుకుంది. పక్కింటి గుమ్మం ముందుకు తీసుకెళ్లి, "దేవవ్వా, బయటికి రా. చెప్పు దశరథం" అంది. ఆయన చెప్పాడు. ఆ తర్వాతి ఇంటి ముందు మళ్లీ మొదటి నుంచి చెప్పించింది. సంగతే తెలియని కొత్త కాపురాల వాళ్లకు కూడా చెప్పించింది. ఎక్కడా చెయ్యి వదల్లేదు.

వరుస చివరి క్వార్టరుకు తాళం వేసి ఉంది. అందులో ఉండే కొమురవ్వ చనిపోయి నాలుగేళ్లయిందని రేవతి నా చెవిలో చెప్పింది. మల్లక్కను పిచ్చిదని మొదట అన్నది ఆమేనట. మల్లక్క ఆ మూసిన తలుపు ముందు కూడా కాకను నిలబెట్టింది.

"జర గట్టిగ చెప్పు" అంది.