అవ్వకొచ్చిన మెసేజ్

మా ఆయన పోయాక కూడా ఆయన సిమ్ బతికే ఉంది. బోధన్ చుట్టుపక్కల మాలాంటి ఇళ్లలో ఇది మామూలే. గ్యాస్ బుకింగు, బ్యాంకు ఓటీపీ, పొలం కాగితాల మెసేజులు అన్నీ మగవాడి నంబరుకే ముడిపడి ఉంటాయి. మనిషిని సమాధిలో పెట్టి వచ్చాక కూడా నంబరుకు రీచార్జి చేయిస్తూనే ఉంటాం. ఆ ఫోన్ నా కుట్టుమిషను పక్కన దారం రీళ్ల మధ్య పడి ఉండేది.

డేటింగ్ యాప్‌లో చేరాలనుకున్నప్పుడు నాకు ఆ నంబరే గుర్తొచ్చింది. నా సొంత నంబరు ఊళ్లో జాకెట్లు కుట్టించుకునే ప్రతి ఆడదాని దగ్గరా ఉంది. చచ్చిపోయిన మనిషి నంబరైతే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ఎంత తెలివో! నలభై ఏళ్లకే మొగుడు పోయి, పిల్లలు లేక, అత్తతో ఉంటున్నదానికి మాట్లాడే మనిషి కావాలనిపించడం తప్పా? కాదు, ఇప్పటికీ కాదనే అంటాను. కానీ ఆ సంగతి అత్తకు తెలిస్తే ఆ ఇంట్లో నాకు చోటుండదు. నాకు వేరే ఇల్లు లేదు.

యాప్ ఒక్కొక్కటే అడిగింది. ఫోటోలు చూడొచ్చా, ఎక్కడున్నావో తెలుసుకోవచ్చా, ఫోన్లో ఉన్న నంబర్లు చూడొచ్చా అని. జాకెట్టుకు హుక్కులు కుడుతూ అన్నిటికీ సరే అని నొక్కేశాను. ఒంటరిగా ఎప్పుడనిపిస్తుంది అని కూడా అడిగింది. పొద్దుగూకే వేళ అన్నాను. ఇక రోజూ ఆ వేళకే ఫోన్ గుర్రుమనేది.

ఫోన్ నా సంచిలో నాతోపాటే తిరగడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు యాప్ ఒకాయన్ని చూపించి, మీరిద్దరూ తరచూ ఒకే చోటికి వెళ్తుంటారని రాసింది. ఫోటో చూసి గుర్తుపట్టాను. ఆదివారం చర్చి అయ్యాక సమాధుల దొడ్డిలో, భార్య సమాధి దగ్గర తల వంచుకుని నిలబడే ఆయన. ఆయనకేమీ రాయకుండా యాప్ మూసేశాను. సమాధుల దొడ్డికి వెళ్తానని నేను దానికి ఎప్పుడూ చెప్పలేదు.

చెరకు నరికే రోజులు. అత్త తన చిన్న ఫోన్ పట్టుకుని మిషను దగ్గరకొచ్చింది. ఆమెకు చదువు రాదు.

"ఏమే, గిదేందో సూడు. ఎవలో ఏమో పంపిండ్రు."

మెసేజ్ 'అవ్వ' అనే మాటతోనే మొదలైంది. ఆ వెంటనే మా ఆయన పూర్తి పేరు. 'నీకు చాలా దగ్గర్లో ఉన్నాడు. నీకోసం ఎదురుచూస్తున్నాడు.'

మా ఆయన తన ఫోన్లో తల్లి నంబరును 'అవ్వ' అని రాసుకున్నాడు. ఫోన్ ఖాతా ఆయన పేరు మీదే ఉంది. యాప్ ఆ రెండూ తీసుకుని, తనలో చేరమని ఆ నంబరుకు పిలుపు పంపినట్టుంది. ఇప్పుడు ఇంత సులువుగా చెబుతున్నాను గానీ అప్పుడు వెంటనే తట్టలేదు. ఏదో కంపెనీ మెసేజ్ అనేస్తే పోయేది. కంగారులో పేరుతో సహా చదివేశాను.

"మల్ల సదువు," అంది. చదివాను.

"దగ్గరంటే ఏడనే?"

నాకేం తెలుసన్నాను. ఆయన ఫోన్ మా ఇద్దరి మధ్య, మిషను మీదే ఉంది.

ఆ రోజు నుంచి అత్త తలుపు గొళ్లెం పెట్టనివ్వలేదు. రోడ్డు మీద చెరకు లారీ ఆగినా లేచి కూర్చునేది. నేను యాప్‌లో నా ఖాతా తీసేశాను. తీసేసినా మీ వివరాలు కొంతకాలం మా దగ్గరే ఉంటాయని రాసింది, దాని మొహం మండ! బస్సెక్కి నిజామాబాద్‌లో ఫోన్లు బాగుచేసే దుకాణానికి పోయాను.

"నువ్వు తీసేస్తె నీ ఫోన్లకెళ్లే పోతదక్కా," అన్నాడు దుకాణమాయన. "ఆళ్ల తానున్నది ఆళ్ల తాన్నే ఉంటది."

తిరిగొచ్చేసరికి ఇంకో మెసేజ్ వచ్చి ఉంది. అత్త పక్కింటామెతో చదివించుకుందట. 'అవ్వ, ఇంకా రాలేదేం?'

షుగరు మాత్రలు, బీపీ మాత్రలు డబ్బాలో అట్లాగే ఉన్నాయి.

"ఎందుకేసుకోలే అత్తమ్మా?"

"కొడుకు పిలువబట్టె. ఇంకెందుకే గవి?"

నవ్వుతూనే అంది. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది. ఎంత బతిమాలినా మాత్ర నోట్లో పెట్టలేదు. కాళ్లు వాచాయి. అన్నం రెండు ముద్దలకు వచ్చింది. ఒకరోజు చర్చికి కట్టుకునే తెల్లచీర ఉతికించి, మడతపెట్టి దిండు కింద పెట్టుకుంది. తనను సాగనంపే రోజున కట్టమని పక్కింటామెకు కూడా చెప్పిందట. ఇక నాకు ఆగబుద్ధి కాలేదు.

"గది నీ కొడుకు గాదు అత్తమ్మా. గా నంబరుతోని నేనే ఒక యాప్‌ల చేరిన. మాట్లాడెతందుకు ఒక మొగమనిషి దొరుకుతడని. గా యాపోళ్లే నీకు పంపుతుండ్రు."

అత్త మెల్లగా లేచి కూర్చుంది. ఇల్లు వదిలి పొమ్మంటే ఎటు పోవాలా అని నేను లోపల్లోపలే ఆలోచిస్తున్నాను. మిషను ఒక్కటే నాది.

"ఎవడన్న దొరికిండా?" అంది.

"లేదు."

"మరి ఊకెనే సంపినవ్ గదనే నా కొడుకును, మల్లొకపారి."

చెయ్యి చాపింది. మాత్రలు అరచేతిలో పెట్టాను. మింగి, గోడవైపు తిరిగి, కొడుకు పోయిన రోజు ఏడ్చినట్టే ఏడ్చింది.